ఖాళీ గడి

ఎకో యంత్రానికి కాదనడం తెలియదు. తెర మీద బొమ్మ ఎంత మసకగా ఉన్నా, గుండె సగమే కనిపిస్తున్నా, రెండు చుక్కలు పెట్టి బటన్ నొక్కితే వాటి మధ్య దూరం ఇన్ని మిల్లీమీటర్లని తడుముకోకుండా చెప్పేస్తుంది. ఆ చుక్కలు గుండె గోడల మీదే పడ్డాయా, పడినా సరైన చోట పడ్డాయా అని అడగదు. రిపోర్టు ఫారంలో గడులు మాత్రం బోలెడు. ఎడమ జఠరిక నిండినప్పుడు ఎంత, ముడుచుకున్నప్పుడు ఎంత, ఎడమ కర్ణిక ఎంత, గోడ మందం ఎంత, ఎజెక్షన్ ఫ్రాక్షన్ ఎంత, అంటే జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో దెబ్బకి ఎంత శాతం బయటికి పోతోంది. అన్నీ నిండితేనే పని అయినట్టు. బయట బెంచీల మీద జనం ఎదురుచూస్తూ ఉంటారు. ఎకో నేర్చుకోవడమంటే ఈ గడులు త్వరగా నింపడం నేర్చుకోవడమని కొత్తగా వచ్చిన పీజీలు అనుకుంటే వాళ్ళ తప్పేమీ లేదు. వాళ్ళ కళ్ళకి కనిపించేది అదే.

నాకు ఎకో నేర్పినాయన డాక్టరు కాదు, టెక్నీషియన్. ఒక ప్రభుత్వాసుపత్రి ఎకో గదిలో ఏళ్ళ తరబడి కూర్చుని నాలాంటి పీజీల్ని బ్యాచీలకి బ్యాచీలు చూసిన మనిషి. అందరం అన్నా అనేవాళ్ళం. ఆయన మమ్మల్ని మేడమ్, సార్ అంటూనే చేతిలోంచి ప్రోబ్ లాక్కునేవారు. మన దగ్గర ప్రోబ్ పట్టుకోవడం నేర్పినవాళ్ళలో ఇలాంటి అన్నలు ఎందరో ఉన్నారు, వాళ్ళ పేర్లు ఏ పుస్తకంలోనూ ఉండవు. మొదట్లో ఆయన నన్ను కొలత బటన్ ముట్టుకోనివ్వలేదు. “కొలవడానికేముంది మేడమ్, ఎవరైనా కొలుస్తారు. ముందు గుండె ఎక్కడుందో చూడండి” అనేవారు.

చూడడం అంత తేలికేమీ కాదు. అల్ట్రాసౌండ్ ఎముకని దాటలేదు, గాలి తగిలితే వెనక్కి మళ్ళుతుంది. గుండెకి ముందేమో పక్కటెముకలు, చుట్టూ గాలి నిండిన ఊపిరితిత్తులు. అందుకే మనిషిని ఎడమ పక్కకి తిప్పి, ఎడమ చెయ్యి తల కింద పెట్టించి, “ఊపిరి వదిలెయ్యండి, ఇక పీల్చకండి, అలాగే ఉండండి” అంటాం. అప్పుడు గుండె ఛాతీ గోడకి దగ్గరగా వస్తుంది, ఊపిరితిత్తి కాస్త తప్పుకుంటుంది. ఆ కొద్ది క్షణాల్లో ఎముకల సందులోంచి దొరికినదే మనకి గుండె. మోకాళ్ళ నొప్పులతో పక్కకి తిరగలేని ముసలమ్మకి, ఆయాసంతో క్షణం కూడా ఊపిరి ఆపలేని మనిషికి ఆ మాత్రం కూడా దొరకదు.

ఒక మధ్యాహ్నం ఓపీ పలచబడ్డాక అన్న ఒక హౌస్ సర్జన్ కుర్రాణ్ణి మంచం మీద పడుకోబెట్టి నా చేతికి ప్రోబ్ ఇచ్చారు. ఆరోగ్యమైన గుండె, సన్నటి ఒళ్ళు, బొమ్మ అద్దంలా వచ్చింది. నాలుగు గదులూ ఒకేసారి కనిపించే బొమ్మ తీయమన్నారు. తీశాను. ఎడమ జఠరిక మొదలు నుంచి కొన దాకా పొడవు ఏడున్నర సెంటీమీటర్ల దగ్గర వచ్చింది. “బాగుంది కదా?” అన్నారు. బాగానే ఉంది మరి. ఆయన నా మణికట్టు పట్టుకుని ప్రోబ్‌ని ఒక పక్కటెముక కిందికి, కాస్త బయటికి జరిపించారు. అదే గుండె, తెర మీద సాగింది. పొడవు 9 సెంటీమీటర్లు. మొదటి బొమ్మలో కొన గుండ్రంగా, మందంగా ఉండి ప్రతి దెబ్బకీ కిందికి పైకి ఊగింది. రెండోదాంట్లో కొన సన్నగా ఉంది, దాదాపు కదలకుండా ఉంది. “అసలు కొన కదలదు మేడమ్. కదిలేది కొన కాదు, మనం మధ్యలో కోసిన చోటు” అన్నారు.

కొన దగ్గర కాకుండా కాస్త పైన ప్రోబ్ పెడితే అల్ట్రాసౌండ్ తలం గుండెని కొన తగలకుండా మధ్యలోంచి వాలుగా కోస్తుంది. తెర మీద కనిపించేది పొట్టి గుండె. ఇప్పుడు ఘనపరిమాణం లెక్కకట్టే పద్ధతి చూడండి. సింప్సన్ పద్ధతి అంటారు. జఠరిక లోపలి అంచు వెంబడి గీత గీస్తే యంత్రం దాన్ని 20 బిళ్ళలుగా పేర్చి, ఒక్కో బిళ్ళ ఘనపరిమాణం కలుపుతుంది. బిళ్ళ మందం ఎంతంటే మొత్తం పొడవులో ఇరవయ్యో వంతు. పొడవు తగ్గితే ఇరవై బిళ్ళలూ పలచబడతాయి. నిండినప్పటి లెక్క తక్కువ వస్తుంది, ముడుచుకున్నప్పటిదీ తక్కువ వస్తుంది, రెండింటి నుంచి కట్టే ఎజెక్షన్ ఫ్రాక్షన్ చాలాసార్లు ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. అన్నిటికన్నా ప్రమాదం వేరే ఉంది. గుండె ముందువైపు రక్తనాళం మూసుకుపోయి గుండెపోటు వస్తే ముందుగా చచ్చుబడేది చాలామందిలో ఆ కొన భాగమే. పొట్టిగా కోసిన బొమ్మలోకి ఆ భాగం రానే రాదు. దెబ్బతిన్న చోటు బయట ఉండిపోతుంది, కొలత మాత్రం నిక్షేపంగా వస్తుంది.

దీనికి అన్న దగ్గరున్న మందు సులువైనది. నాలుగు గదుల బొమ్మలోనూ, ప్రోబ్ తిప్పి తీసే రెండు గదుల బొమ్మలోనూ జఠరిక పొడవు చూసేవారు. జఠరిక ఒక్కటే కాబట్టి రెండు పొడవులూ దగ్గర దగ్గరగా ఉండాలి. పదో వంతుకి మించి తేడా ఉంటే రెండింట్లో ఒకటి అబద్ధం చెబుతోంది, మళ్ళీ తీయాల్సిందే. ఈ పది శాతం నియమం మార్గదర్శకాల్లో ఉన్నదే. తీసిన తీరుని పట్టిచ్చే కొలత ఇదొక్కటేనని నాకు తర్వాత అర్థమైంది. మిగతా కొలతలన్నీ గుండె గురించి చెబుతాయి, ఇది కొలిచినవాళ్ళ గురించి చెబుతుంది.

ఘనపరిమాణం సంగతి అలా ఉంచి, మామూలు అడ్డు కొలత తీసుకోండి. ఉరోస్థి పక్కనుంచి ప్రోబ్ పెట్టి, మైట్రల్ వాల్వు రెక్కల కొసల దగ్గర, జఠరిక పొడవుకి సరిగ్గా లంబంగా కొలవాలి. అక్కడ కొలవడానికి కారణం ఉంది. కిరణం పోయే దారి వెంబడి ఉన్న దూరాన్ని అల్ట్రాసౌండ్ బాగా పట్టుకుంటుంది, దారికి అడ్డంగా ఉన్న దూరాన్ని అంత బాగా పట్టుకోదు. మెత్తటి కణజాలంలో ధ్వని వేగం సెకనుకి 1540 మీటర్లు అని యంత్రం నమ్ముతుంది. వెళ్ళి తిరిగి రావడానికి పట్టిన సమయాన్నే దూరంగా మారుస్తుంది. ఇంతవరకూ పదునైన శాస్త్రమే. లంబం తప్పితే మాత్రం ఆ పదునంతా వృథా. సొరకాయని సరిగ్గా అడ్డంగా కోస్తే చక్రాలు వస్తాయి, కత్తి వాలిస్తే కోలగా సాగుతాయి. 50 మిల్లీమీటర్ల జఠరికని 20 డిగ్రీలు వాల్చి కొలిస్తే 53 దాటుతుంది, 30 డిగ్రీలు వాలిస్తే దాదాపు 58. 2015 నాటి అమెరికన్, యూరోపియన్ ఎకో సంఘాల ప్రమాణాల ప్రకారం నిండినప్పుడు ఈ అడ్డు కొలత ఆడవాళ్ళలో 52, మగవాళ్ళలో 58 మిల్లీమీటర్ల దాకా మామూలే. అంటే చెయ్యి 20 డిగ్రీలు వాలితే ఒక ఆరోగ్యవంతురాలి చేతికి ‘గుండె పెరిగింది’ అన్న కాగితం వస్తుంది. తప్పు ఎప్పుడూ ఎక్కువ వైపే పోతుందా అంటే అదీ లేదు. వాలకుండా నిటారుగానే కోసినా, మధ్యలోంచి కాక 10 మిల్లీమీటర్లు పక్కగా పోతే ఆ 50 కాస్తా 46 అవుతుంది. రెండు తప్పులూ ఒకే రోజు, ఒకే చేతిలో జరగొచ్చు.

ఈ ఒంటి గీత కొలతకి పెద్ద చరిత్రే ఉంది. 1953 అక్టోబరులో స్వీడన్‌లోని లుండ్‌లో ఇంగె ఎడ్లర్ అనే గుండె వైద్యుడూ, కార్ల్ హెల్ముత్ హెర్ట్జ్ అనే భౌతిక శాస్త్రవేత్తా కలిసి కదిలే గుండె నుంచి మొదటిసారి ప్రతిధ్వని నమోదు చేశారు. వాళ్ళకి స్ఫూర్తి లోహంలో పగుళ్ళు వెతికే పరికరం. మాల్మో ఓడల కర్మాగారంలో ఉన్నదాన్నే ముందు పరీక్షించి చూశారు. ఎడ్లర్‌కి గది సైజు కాదు కావలసింది. ఆపరేషన్‌కి ముందు మైట్రల్ వాల్వు సన్నబడిందా లేదా తేల్చుకోవాలి. అప్పట్లో తెర మీద వచ్చేది బొమ్మ కాదు, ఒకే ఒక్క గీత వెంబడి కదలికలు. ఆ గీత ఎప్పుడు ఏం జరిగిందో అద్భుతంగా చెబుతుంది. ఎక్కడ జరిగిందన్నది మాత్రం ప్రోబ్ పట్టుకున్నవాళ్ళే ఊహించుకోవాలి. అయినా ఆ గీతనే పట్టుకుని డాక్టర్లు గుండె ఘనపరిమాణం కట్టారు, అడ్డు కొలతని ఘనం చేసి. 1976లో టైకోల్జ్ దానికి సవరణ సూత్రం ఇచ్చారు. పెరిగిన గుండె గుండ్రబడుతుంది కాబట్టి ఉత్త ఘనం ఎక్కువ చెబుతుందని ఆయన సవరించారు. ఆ కాలానికి అది తెలివైన పని, అందులో సందేహం లేదు. కానీ ఘనం చేయడంలో ఉన్న చిక్కు పోలేదు. 50 బదులు 53 అని కొలిస్తే తేడా 6 శాతమే, ఘనం చేస్తే అది 19 శాతం. పైగా జఠరిక అంతా ఒకేలా ముడుచుకుంటోందని ఆ సూత్రం నమ్ముతుంది. మొదలు దగ్గర ఒక గీత గీసి, గుండెపోటుతో కొన చచ్చుబడిన మనిషికి ఎజెక్షన్ ఫ్రాక్షన్ 60 అని రాసిన రిపోర్టులు ఇప్పటికీ నా బల్ల మీదికి వస్తుంటాయి. ఒక్క బటన్‌తో వస్తుంది కాబట్టి ఆ సూత్రం యంత్రాల్లోంచి ఇంకా పోలేదు. నా మట్టుకు నాకు పోతే బాగుండుననే ఉంటుంది.

చిన్నచిన్న సంగతులు ఇంకా ఉన్నాయి. నిండిన ఫ్రేము ఏది, ముడుచుకున్న ఫ్రేము ఏది అని ఇసిజి గీతా, వాల్వు మూతపడడమూ చూసి ఎంచుకోవాలి. లోపలి చిన్న కండపోగుల్ని గోడలో కాక గదిలోనే కలపాలి. గెయిన్, అంటే బొమ్మ వెలుగు, ఎక్కువ పెడితే గోడలు ఉబ్బి గది చిన్నదవుతుంది. గుండె లయ తప్పినవాళ్ళకి ఒక్క దెబ్బ చూసి రాయకూడదు, కనీసం అయిదింటి సగటు కావాలి. ఇవన్నీ పుస్తకం చదివి నేర్చుకోవచ్చు. అన్న చెప్పనిది, నేను ఓపీలో కూర్చున్నాక నేర్చుకున్నది ఇంకొకటి ఉంది. కొలత సరిగ్గా వచ్చాక కూడా అది ఎవరి గుండె అని అడగాలి.

అయోర్టిక్ వాల్వు లీకు సంగతి చెబుతాను. చిన్నప్పుడు గొంతు నొప్పితో, కీళ్ళ వాపుతో మొదలై వాల్వుల్ని పాడుచేసే రుమాటిక్ జబ్బు మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంకా పోలేదు. వాల్వు లీకైతే జఠరిక ఏళ్ళ తరబడి నెమ్మదిగా సాగుతుంది, మనిషికి ఏమీ తెలియదు. పొలం పని చేసుకుంటూనే ఉంటారు. ఆయాసం మొదలయ్యేసరికి కండ కోలుకోలేని స్థితికి చేరి ఉండొచ్చు. అందుకే ఆయాసం లేకపోయినా, ముడుచుకున్నప్పటి అడ్డు కొలత 50 మిల్లీమీటర్లు దాటితే వాల్వు మార్చే ఆలోచన చేయమంటారు. ఈ 50 అందరి నోటా ఉంటుంది. ఆ వాక్యంలోనే ఉన్న రెండో సగం మాత్రం నోటికి రాదు. ఒంటి ఉపరితలం ప్రతి చదరపు మీటరుకి 25 మిల్లీమీటర్లు దాటినా అంతే లెక్క. మా ఓపీలో 150 సెంటీమీటర్ల ఎత్తు, 45 కిలోల బరువు ఉన్న ఆడవాళ్ళు అరుదేమీ కాదు. వాళ్ళ ఒంటి ఉపరితలం 1.37 చదరపు మీటర్లు. 25తో గుణిస్తే 34. అంటే అలాంటి మనిషి గుండెకి 34 దాటగానే గంట మోగాలి. 50 వరకూ ఆగుదామనుకుంటే ఏటేటా ‘ఇంకా టైముంది’ అని పంపిస్తూనే ఉంటాం. 2019లో వెలువడిన 15 దేశాల ఎకో అధ్యయనంలో ఎడమ జఠరిక ఘనపరిమాణాలు అన్నిటికన్నా చిన్నవిగా తేలింది భారతీయుల్లోనే. ఎవరో ఎత్తయినవాళ్ళ గుండెలకి కట్టిన గీత దగ్గర మనవాళ్ళని నిలబెట్టి చూడడం న్యాయం కాదు.

ఇక్కడో తమాషా. ఎకో గదిలో లక్షల ఖరీదు చేసే యంత్రం ఉంటుంది, బరువు చూసే మిషను ఉండదు. “బరువెంతమ్మా?” అని అడిగితే “ఏమో మేడమ్, పోయినేడు ఎక్కడో చూస్తే నలభై అయిదో యాభయ్యో అన్నారు” అంటుంది. ఆ మాటే యంత్రంలోకి ఎక్కుతుంది, దానితోనే భాగిస్తాం. పైన మిల్లీమీటర్ల కోసం తలపడి, కింద కిలోలు నోటిమాట మీద వేసుకుంటాం. ఇప్పుడు మా గదిలో తలుపు పక్కనే బరువు మిషను, గోడకి ఎత్తు కొలిచే పట్టీ ఉన్నాయి. అలాగని ఈ భాగహారం అన్నిటికీ మందు కాదు. బాగా లావెక్కిన మనిషికి భాగించే అంకె పెద్దది కాబట్టి నిజంగా సాగిన ఎడమ కర్ణిక కూడా చదరపు మీటరుకి 34 మిల్లీలీటర్ల హద్దు లోపలే ఇమిడిపోయి కనిపిస్తుంది. అక్కడ భాగించకముందు అంకె కూడా చూడాలి.

రోగులకి ఇదంతా ఎలా అందుతుంది? “గుండె పెరిగిందటండీ, ఏం తినకూడదు?” అని అడుగుతారు. కుటుంబమంతా కలిసి ఎజెక్షన్ ఫ్రాక్షన్ అంకెని పట్టుకుని కూర్చుంటుంది. రిటైరైన ఒక మాస్టారు పది రోజుల తేడాతో రెండు చోట్ల తీయించుకున్న రిపోర్టులు తెచ్చారు. ఒకదాంట్లో 55, ఇంకోదాంట్లో 42. “ఇందులో ఏది నేను డాక్టరమ్మా?” అని అడిగారు. సీడీలు కూడా తెచ్చారు, అదృష్టం. రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూస్తే 55 వచ్చినదాంట్లో గుండె పొట్టిగా ఉంది, కొన ఊగుతోంది. 42 అన్నదాంట్లో కొన కనిపిస్తోంది, ముడుచుకోకుండా, పలచబడి. ఎవరూ అబద్ధం రాయలేదు. వాళ్ళ వాళ్ళ బొమ్మ మీద వాళ్ళు సరిగ్గానే గీత గీశారు.

అన్న రిటైరయ్యే ముందు నేర్పిన ఆఖరి పని, గడి ఖాళీగా వదలడం. బొమ్మ సరిగా రాకపోతే ఆయన కొలిచేవారు కాదు. ఆ గడిలో అడ్డగీత పెట్టి, కింద ‘కొన కనబడలేదు’ అనో ‘వాలుగా వచ్చింది, కొలవలేదు’ అనో చేత్తో రాసేవారు. నేనూ అదే చేస్తున్నాను. దీనికి మెచ్చుకోలు దొరకదు. “ఎకోకి పంపిస్తే అంకె లేకుండా పంపిస్తారేంటి?” అని ఫోన్లు వస్తాయి. ఇన్సూరెన్స్ వాళ్ళు ఫారం వెనక్కి పంపిస్తారు. వరసగా రెండు మూడు భాగాల గోడ కనిపించకపోతే కాంట్రాస్ట్ ఇచ్చి చూడొచ్చు, ఎంఆర్ఐకి పంపొచ్చు, వారం ఆగి ఒంట్లో నీరు తగ్గాక మళ్ళీ తీయొచ్చు. ఆ దారులన్నీ ఖాళీ గడి నుంచే మొదలవుతాయి. అందాజాగా ఒక అంకె వేస్తే అక్కడితో అందరి పనీ అయిపోతుంది, ఇంకెవరూ వెతకరు.

కొత్త యంత్రాలు అంచు గీత తామే గీసుకుంటాయి. రెప్పపాటులో ఘనపరిమాణం, ఎజెక్షన్ ఫ్రాక్షన్ తెర మీద వచ్చేస్తాయి. చేత్తో గీసినదానికన్నా చాలాసార్లు శుభ్రంగానే ఉంటాయి, ఒప్పుకోవాలి. మనిషికీ మనిషికీ వచ్చే తేడా కూడా తగ్గుతుంది. పొట్టిగా కోసిన బొమ్మ ఇచ్చినా అంతే శుభ్రంగా గీస్తాయి, అదొక్కటే బాధ. అందుకని మా పీజీలకి ఒక షరతు పెట్టాను. అంకె ఒప్పుకునే ముందు రెండు బొమ్మల్లో పొడవులూ పైకి చదవాలి. మొదట్లో నవ్వుకున్నారు, ఇప్పుడు అలవాటైంది.

కేన్సరు మందులు వాడుతున్నవాళ్ళ దగ్గర ఈ జాగ్రత్త మరీ కీలకం. కొన్ని మందులు గుండె కండని దెబ్బతీస్తాయి కాబట్టి ఎకో పదే పదే చేస్తాం. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 10 పాయింట్లు పడిపోయి 50 కిందికి దిగితే మందు ఆపాలా, గుండెకి మందు మొదలుపెట్టాలా అన్న చర్చ వస్తుంది. మామూలు 2డి ఎకోలో వేర్వేరు రోజుల్లో వేర్వేరు చేతులు తీసిన కొలతల మధ్య ఇంచుమించు అంత తేడా ఏ జబ్బూ లేకుండానే రావచ్చు. పోయినసారి 60, ఈసారి 54 వచ్చిందని రాత్రంతా నిద్రపోకుండా వచ్చిన ఆమెకి ఏం చెప్పాలి? పాత బొమ్మలుంటే రెండూ తెరిచి, రెండింటినీ ఒకే చేత్తో మళ్ళీ కొలిచి, “తేడా కొలతలో ఉందమ్మా, గుండెలో లేదు” అని చెప్పగలను. బొమ్మలు లేకపోతే చెప్పలేను. అందుకే రిపోర్టుతో పాటు బొమ్మలు కూడా ఇచ్చి పంపిస్తున్నాం, జాగ్రత్తగా దాచుకోమని మరీ చెప్పి. వచ్చేసారి చాలామంది కాగితం మాత్రం లామినేషన్ చేయించి తెస్తారు. సీడీ ఏదమ్మా అంటే, ఇంట్లో ఎక్కడో ఉందంటారు.